టేలర్ సంతకం నోటని చెప్పి దేశ్‌ముఖ్ సంతకం నోటు అంటగట్టాడు, చూసి కొనండి

పాత నోట్లు కొనేవాళ్లు ఇది ఒకసారి చదవండి. పోయిన నెల రావులపాలెం బస్టాండులో ఆరో జార్జి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి 6,500 పోశాను. వాట్సాప్‌లో ఫొటో పెట్టినాయన "1938 నోటండీ, రిజర్వు బ్యాంకు వేసిన మొట్టమొదటిది, మడత కూడా పడలేదు, ముమ్మిడివరంలో మా తాతగారి భోషాణంలోది" అన్నాడు. ఫొటోలో సంతకం మీద బొటనవేలు పడింది. నేనే పట్టించుకోలేదు. చేతికిచ్చేటప్పుడు నోటు ప్లాస్టిక్ కవరులో ఉంది. "తియ్యకండి, చెమ్మ తగులుద్ది" అన్నాడు. బస్సు హారన్ కొడుతోంది, జేబులో పెట్టేసుకున్నా.

అమలాపురంలో నాకు తెలిసిన మాస్టారు ఎన్నో ఏళ్లుగా నోట్లు సేకరిస్తున్నారు. కవరు తీసి ముందు సంతకం చూశారు. "ఇది దేశ్‌ముఖ్ కదరా!" అయిదు రూపాయల నోటు 1938 జనవరిలో వచ్చిన మాట నిజమే, కానీ వాటి మీద ఉన్నది అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు జె.బి. టేలర్ సంతకం. సి.డి. దేశ్‌ముఖ్ గవర్నరైంది 1943 ఆగస్టులో. ఆ నోట్ల మీద సంవత్సరం ఉండదు, కాలం చెప్పేది సంతకమే.

తర్వాత తలుపేసి, సెల్‌ఫోన్ లైటు నోటుకి పక్కవాటుగా పట్టారు. అప్పటిదాకా కనపడని గీత నడిమధ్యన తేలింది. రంగు రాలిన మడత అది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశారట. మడత పడని నోటు వేలితో మీటితే ఫెళఫెళలాడాలి. ఇదేమో గంజి పంచెలా బిగుసుకుని ఉంది గానీ చప్పుడు లేదు. ఎడమ పక్కన గుండుసూది బెజ్జాలు రెండు, రుద్ది పూడ్చేశారు. "మన కోనసీమ చెమ్మకి, 96 తుపానుకి తట్టుకుని భోషాణంలో కాగితం ఒక్క మచ్చ లేకుండా ఉందంటే ఎలా నమ్మావురా?" అన్నారు. ఏం చెప్పను? ఆయన లెక్కన నేను పెట్టినదాంట్లో మూడోవంతు కూడా రాదు.

ఫోన్ చేస్తే "చూసుకునే కదండీ తీసుకున్నారు" అన్నాడు. పైగా ఇంకో బేరం: దీన్ని నాలుగు లక్షలకి అమ్మిపెడతాడట, ముందు రిజర్వు బ్యాంకు కమీషన్ కింద 1,500 పంపాలట! ఇలాంటి బేరాలకి మేం ఏ కమీషనూ తీసుకోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ట్రాక్టరు బొమ్మ అయిదు నోటుకి లక్షలొస్తాయనే వీడియోల బాపతే ఇదీను. ఆన్‌లైన్‌లో కనపడేది అమ్మేవాడు అడిగే రేటు. వేలంలో ఎంతకి పోయిందో అది చూడండి.

నిన్న రాత్రి ఇంకో నోటు ఫొటో పెట్టాడు. సంతకం మీద బొటనవేలు అలాగే ఉంది.