ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్: ఎంవీపీ లొల్లి కోసమైనా కొనాల్సిన గేమ్

శనివారం రాత్రి మా లీగ్ మూడో సీజన్ అయిపోయింది. ఆదివారం పొద్దున పదింటికి సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం, ఎంవీపీ, అంటే సీజన్ మొత్తంలో అందరికంటే విలువైన ప్లేయర్, ఎవరో తేల్చేసి పన్నెండింటికల్లా ఇళ్లకి పోదాం అనుకున్నాం, చూస్తే రెండున్నర అయింది, బిల్లులో చాయ్‌లే ముప్పై ఒకటి, ఉస్మానియా బిస్కెట్ల లెక్క వదిలేయండి. పక్క టేబుల్ అంకుల్ ఒకాయన చాలాసేపు విని విని "ఎవరి గురించి బాబూ ఇంత కొట్లాట" అని అడిగాడు. ఏం చెప్పాలి, అసలు లేని మనుషుల గురించి అంకుల్ అని చెప్పాలా?

ఆ లేని మనుషుల్ని పుట్టించే గేమే ఇది. ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్, షార్ట్‌గా ఓఓటీపీ. కంప్యూటర్‌లో ఆడేది, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల షాపులో దొరుకుతుంది. కానీ బ్యాట్ పట్టుకుని బటన్ నొక్కి కొట్టే టైపు కాదు, ముందే చెప్తున్నా, అలా అనుకుని కొంటే పైసలు బేకార్. ఇందులో మీరు టీమ్ నడుపుతారు. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎవడు ఏ నంబర్‌లో బ్యాటింగ్‌కి రావాలి, ఏ పిచర్‌ని, అంటే మన బౌలర్ లాంటోణ్ని, ఎప్పుడు మార్చాలి, అదే పని. తెర మీద ఎక్కువగా కనపడేది టేబుళ్లు, అంకెలు. మా ఆవిడ మొదటి రోజు చూసి "ఆఫీస్ ఎక్సెల్ ఇంటికి తెచ్చుకున్నావా" అంది, తప్పేం అనలేదు. 1999లో మార్కస్ హైన్‌సోన్ అనే జర్మన్ ఆయన మొదలుపెట్టాడు దీన్ని. బేస్‌బాల్ పెద్దగా పట్టించుకోని దేశం ఆయన చేసిన గేమ్‌ని బేస్‌బాల్ అసలే తెలియని ఊళ్లో మేం ఆడుతున్నాం, బాగుంది కదా.

నాకెలా అంటుకుంది అంటే ఆఫీస్ వల్ల. అమెరికా క్లయింట్, నైట్ షిఫ్ట్, కాల్ మొదలవ్వగానే పది నిమిషాలు నిన్నటి మ్యాచ్ మీద ముచ్చట, నేను మ్యూట్‌లో కూర్చుని వినడం. అలా వింటూ వింటూ ఇష్టం వచ్చేసింది. 2020లో కరోనాతో అక్కడ సీజన్ ఆగిపోయినప్పుడు బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్ వాళ్లు ఇదే గేమ్‌లో ఆ సీజన్ మొత్తాన్ని రోజుకి కొంచెం నడిపించి స్కోర్లు పెట్టేవాళ్లు. నిజం మ్యాచుల్లేవు, ఉత్తుత్తి మ్యాచుల స్కోర్ల కోసం జనాలు చూస్తున్నారు, ఇదేందిరా బై అని నేను కూడా చూశా, అయిపోయా.

ఇప్పుడు మాది ఎనిమిది మంది లీగ్. తార్నాక, అల్వాల్, ఉప్పల్, మలక్‌పేట, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, నాది మియాపూర్. ఎవరి ఏరియా పేరు వాళ్ల టీమ్‌కి పెట్టుకోవచ్చు, గేమ్ అడ్డు చెప్పదు. ప్లేయర్లందర్నీ గేమే పుట్టిస్తుంది. పనితీరు సింపుల్: కమిషనర్ అని ఒకడుంటాడు, మా లీగ్‌లో ఉప్పల్ వాడు, వాడు లీగ్ ఫైల్ పెడతాడు, మేం దించుకుని లైనప్‌లు మార్చుకుని మా టీమ్ ఫైల్ తిరిగి పంపిస్తాం, వాడు ఒక వారం మ్యాచ్‌లు నడిపిస్తాడు. ఒకసారి వాడింట్లో కరెంట్ పోయి ల్యాప్‌టాప్ ఆగి వారం మ్యాచ్‌లు మళ్లీ నడపాల్సొచ్చింది, మొదటిసారి నేను గెలిచిన నాలుగు రెండోసారి ఓడిపోయా. దాని గురించి ఇంకా బాధ ఉంది కానీ ఇక్కడ అది విషయం కాదు.

విషయం ఎంవీపీ. ప్రతి ప్లేయర్ పేరు పక్కన వార్ అని, అంటే విన్స్ అబవ్ రీప్లేస్‌మెంట్ అని, ఒక కాలమ్ ఉంటుంది. దాని మీద క్లిక్ చేస్తే పై నుంచి కింద దాకా వరసగా వచ్చేస్తారు, ఇంక లొల్లి దేనికి అనిపిస్తుంది మొదట్లో. నేనూ అలాగే అనుకున్నా.

వార్ అంటే ఏంటో తెలియనోళ్లకి చెప్తా. ఇరానీ హోటల్లో చాయ్ మాస్టర్ ఒక రోజు రాలేదనుకోండి, కప్పులు కడిగే కుర్రాడు చాయ్ పెడతాడు. చాయ్ వస్తుంది, తాగుతారు, కానీ సగం మంది రెండో కప్పు చెప్పరు. మాస్టర్ విలువ మొత్తం చాయ్ కాదు, కుర్రాడి చాయ్‌కి ఆయన చాయ్‌కి మధ్య తేడా. బేస్‌బాల్‌లో కూడా అంతే, ఎప్పుడంటే అప్పుడు చవగ్గా దొరికే మామూలు ప్లేయర్‌తో పోలిస్తే ఇతను ఎన్ని పరుగులు ఎక్కువ తెచ్చాడు, ఎన్ని ఆపాడు అని లెక్కేసి, సుమారు పది పరుగులు ఒక గెలుపు అని మారుస్తారు. మొత్తం అలాంటి మామూలు వాళ్లతోనే టీమ్ కడితే 162 మ్యాచ్‌ల్లో ఓ 48 గెలుస్తుందని అంచనా. వాళ్ల పైన ఎంత అనేదే వార్.

సరే మా ఐదుగురు, కాదు ఆరుగురు క్యాండిడేట్లు. తార్నాక ఫస్ట్ బేస్‌మన్, మన సిక్సర్ లాంటి హోమ్‌రన్లలో టాప్, ఆర్‌బీఐల్లో, అంటే తన బ్యాటింగ్‌తో టీమ్‌కి తెచ్చిన పరుగుల్లో, టాప్, టీమ్ కప్పు కొట్టింది. అల్వాల్ సెంటర్ ఫీల్డర్, వార్‌లో టాప్, టీమ్ మాత్రం ఎనిమిదింట్లో ఎనిమిదోది. మెహిదీపట్నం షార్ట్‌స్టాప్, ఉప్పల్ పిచర్, మలక్‌పేట లెఫ్ట్ ఫీల్డర్, చివర్లో కూకట్‌పల్లి క్లోజర్, అంటే మ్యాచ్ ముగించడానికి వచ్చే పిచర్. ఫస్ట్ బేస్‌మన్, షార్ట్‌స్టాప్, సెంటర్, లెఫ్ట్ ఫీల్డర్ అంటే గ్రౌండ్‌లో ఎవడు ఎక్కడ నిలబడతాడో దాని పేర్లు. మా మియాపూర్ నుంచి ఒక్కడూ లేడు కాబట్టి నేను జడ్జి లెక్క మాట్లాడొచ్చు అనుకున్నా, ఎవడూ ఒప్పుకోలేదు.

తార్నాక వాడి వాదన మనందరికీ తెలిసిందే, ఎక్కువ కొట్టినోడు, గెలిచినోడు, ఇంకేం కావాలి. అమెరికాలో 2012లో ఇదే పంచాయితీ. మిగెల్ కాబ్రెరా .330 యావరేజ్, 44 హోమ్‌రన్లు, 139 ఆర్‌బీఐలు, మూడింట్లోనూ లీగ్ టాప్, 1967లో కార్ల్ యస్ట్రెమ్‌స్కీ తర్వాత అలా చేసినోడే లేడు. అటు మైక్ ట్రౌట్ ఇరవై ఏళ్ల కుర్రాడు, వార్‌లో చాలా ముందు, ఫీల్డింగ్, పరిగెత్తడం అన్నీ ఉన్నాయి. ఓట్లు కాబ్రెరాకే పడ్డాయి, 28లో 22 ఫస్ట్ ప్లేస్ ఓట్లు. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

మరి అల్వాల్ వాడు? లాస్ట్ వచ్చిన టీమ్‌లో ఉంటే విలువ ఏంటి, వాడు లేకపోయినా లాస్టే కదా అని దిల్‌సుఖ్‌నగర్ వాడు అన్నాడు. దానికి నేను 1987 తీశా, ఆండ్రే డాసన్ 49 హోమ్‌రన్లు కొట్టాడు, ఆయన టీమ్ షికాగో కబ్స్ వాళ్ల డివిజన్‌లో లాస్ట్, అయినా ఎంవీపీ ఆయనే. అయినా మనకి బేస్‌బాల్ దాకా ఎందుకు, 2016 ఐపీఎల్ గుర్తు తెచ్చుకోండి, కప్పు మన సన్‌రైజర్స్‌ది, వార్నర్ 848 పరుగులు చేసి కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు, మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ మాత్రం ఫైనల్ ఓడిన కోహ్లీ, 973 పరుగులు. అప్పుడు మన ఊళ్లో ఎంతమంది మొహాలు మాడ్చుకున్నారో నాకు తెలుసు, నేనూ మాడ్చుకున్నా. ఇప్పుడు అనిపిస్తుంది సరిగ్గానే ఇచ్చారు అని. ఈ మాట టేబుల్ మీద అనగానే నా చాయ్ ఎవడో లాగేసుకున్నాడు.

మలక్‌పేట భాయ్ కేసు వేరు, అసలైన మజా ఇక్కడే ఉంది. గేమ్‌లో ప్రతి గ్రౌండ్‌కి పార్క్ ఫ్యాక్టర్లుంటాయి, ఏ గ్రౌండ్‌లో హోమ్‌రన్లు ఎక్కువ పోతాయి, ఎక్కడ తక్కువ అని. సీజన్ ముందు ఈ భాయ్ కమిషనర్‌ని బిర్యానీకి తీసుకెళ్లి తన గ్రౌండ్‌లో హోమ్‌రన్ ఫ్యాక్టర్ పెంచేయించుకున్నాడు. డెన్వర్‌లో కొలరాడో టీమ్ గ్రౌండ్ కూర్స్ ఫీల్డ్ అట్లాంటిదే, సముద్రమట్టానికి దాదాపు మైలు ఎత్తు, గాలి పల్చన, బంతి దూరం పోతుంది. మలక్‌పేట ఏ ఎత్తులో ఉందిరా మూసీ పక్కన అని అడిగితే సమాధానం లేదు. కానీ భాయ్ కూడా చదువుకునే వచ్చాడు, 1997లో ల్యారీ వాకర్ కొలరాడో తరఫున ఎంవీపీ తీసుకోలేదా అన్నాడు. తీసుకున్నాడు, 49 హోమ్‌రన్లు, కానీ అందులో 29 బయటి గ్రౌండ్లలో కొట్టినవి! వెంటనే గేమ్‌లో భాయ్ ప్లేయర్ హోమ్, అవే స్ప్లిట్ తెరిచాం. బయట కొట్టినవి మొత్తంలో పావు వంతు కూడా లేవు. భాయ్ ఫోన్ వచ్చిందని లేచి బయటికెళ్లాడు.

ఈ గేమ్ నాకు నచ్చేది సరిగ్గా ఇందుకే. ఎవడు ఏ వాదన తెచ్చినా దాన్ని తీసి చూడ్డానికి లోపల ఒక పేజీ ఉంటుంది. నెలల వారీగా, లెఫ్ట్ హ్యాండ్ పిచర్ మీద ఎలా ఆడాడు, పాత సీజన్లు, ట్రేడ్లు, ఎవడికి ఏ అవార్డు, అన్నీ దాచిపెడుతుంది. మొదటి పది రోజులు ఆ పేజీల్లో నేను తప్పిపోయా, ఇన్ని మెనూలు చూసి కళ్లు తిరిగాయి, ఓపిక లేనోళ్లకి మాత్రం ఇది కాదు.

కూకట్‌పల్లి క్లోజర్‌ని తొందరగా తేల్చేశాం. చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి ముగ్గుర్ని ఔట్ చేసి వెళ్లేవాడు, సీజన్ మొత్తం మీద డెబ్బై ఇన్నింగ్స్ దాటలేదు. 1992లో డెనిస్ ఎకర్స్‌లీకి క్లోజర్‌గానే ఎంవీపీ ఇచ్చారు కదా అంటాడు వాడు. ఇచ్చారు, నేనైతే ఇవ్వను. ఉప్పల్ పిచర్ మంచోడే, 2011లో వెర్లాండర్, 2014లో కెర్షా పిచర్లుగానే ఎంవీపీ తీసుకున్నారు కాబట్టి పిచర్‌కి ఇవ్వకూడదని రూలేం లేదు, కానీ ఐదు రోజులకోసారి వచ్చేవాడు రోజూ ఆడేవాడి కంటే విలువైనోడు అవ్వాలంటే మామూలుగా ఆడితే చాలదు.

ఇక షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డర్, ఫస్ట్ బేస్‌మన్ ముగ్గురి మధ్య. ఇక్కడ నేను కాలమ్‌ని గుడ్డిగా నమ్మడం మానేశా. కష్టమైన పొజిషన్‌కి వార్‌లో ఎక్స్‌ట్రా పడుతుంది, సులువైన దానికి కోత పడుతుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే బేస్‌బాల్ అంకెల సైట్ లెక్కలో ఫుల్ సీజన్‌కి సెంటర్ ఫీల్డ్‌కి 2.5 పరుగులు కలుపుతారు, ఫస్ట్ బేస్‌కి 12.5 తీసేస్తారు, అంటే బ్యాట్ పట్టకముందే 15 పరుగుల తేడా, ఒకటిన్నర గెలుపు. న్యాయమే, ఫస్ట్ బేస్‌లో నిలబడేవాడు దొరుకుతాడు, సెంటర్‌లో పరిగెత్తేవాడు దొరకడు. కానీ ఫీల్డింగ్ లెక్క ఒక్క సీజన్‌తో నమ్మేంత గట్టిది కాదు, అందుకే అర గెలుపు తేడా ఉంటే వీడే గొప్ప అని నేను అనను, ఇద్దరూ ఒకటే మెట్టు మీద ఉన్నారంటా. అల్వాల్ వాడికి తార్నాక వాడికి తేడా రెండు గెలుపులకి పైనే ఉంది, అంత తేడాని ఫీల్డింగ్ అనుమానంతో కొట్టేయలేం.

నా లిస్ట్ ఇదీ: అల్వాల్, మెహిదీపట్నం, ఉప్పల్, తార్నాక, మలక్‌పేట. ఐదో ప్లేస్ భాయ్ బాధపడకూడదని ఇచ్చా, బిర్యానీ నాకేం పెట్టలేదు.

ఓట్లు అమెరికా పద్ధతే, అక్కడ పది మందిని రాస్తారు, మేం ఐదుగురు, ఫస్ట్‌కి 14, తర్వాత 9, 8, 7, 6. మేం పెట్టుకున్న ఎక్స్‌ట్రా రూల్ ఒక్కటే, ఎవడూ తన ప్లేయర్‌ని ఫస్ట్ రాయకూడదు. దాంతో తార్నాక వాడు నిజాయితీగా అల్వాల్‌ని ఫస్ట్ రాశాడు, తన శత్రువుకి తనే 14 పాయింట్లు. అయినా వాడి ప్లేయరే గెలిచాడు, 80కి 78! రెండు పాయింట్లు. 1947లో టెడ్ విలియమ్స్ ట్రిపుల్ క్రౌన్ కొట్టి కూడా, అంటే కాబ్రెరా లాగే ఆ మూడింట్లోనూ టాప్ వచ్చి కూడా, జో డిమాజియో చేతిలో 202కి 201, ఒక్క పాయింట్‌తో పోగొట్టుకున్నాడు, కాబట్టి అల్వాల్ వాడు ఒంటరి కాదు.

చీటీలు తెరిస్తే మలక్‌పేట భాయ్ అల్వాల్ పేరే రాయలేదు. ఐదో ప్లేస్ రాసినా 6 వచ్చి 84తో గెలిచేవాడు. హోటల్లో అరుపులు, వెయిటర్ వచ్చి "ఆహిస్తా భాయ్" అన్నాడు. తీరా చూస్తే అల్వాల్ వాడు కూడా తార్నాక పేరు రాయలేదు. ఇద్దరూ మర్యాదగా ఐదో ప్లేస్ రాసుంటే 86, 84. మళ్లీ అదే రెండు పాయింట్లు, మళ్లీ తార్నాకే.

ఐదుకి ఎంత ఇస్తానంటే నాలుగున్నర. ప్రతి ఏడాది కొత్త వెర్షన్ వస్తుంది, తొందర లేకపోతే స్టీమ్‌లో సేల్ దాకా ఆగండి, పాతది కొన్నా మా లీగ్ లాంటి దానికి ఏం తక్కువ కాదు, కాకపోతే అందరి దగ్గరా ఒకటే వెర్షన్ ఉండాలి, అది చూసుకోండి. బేస్‌బాల్ అస్సలు తెలియకపోతే ముందు నాలుగు మ్యాచ్‌లు చూసి రండి. ఒక్కరే ఆడితే నాకైతే నెలకే బోర్ కొట్టేది, నలుగురైనా దొరికితేనే కొనండి.

నిన్న రాత్రి అల్వాల్ వాడి మెసేజ్ వచ్చింది. ఎంవీపీ కాని సెంటర్ ఫీల్డర్ నాకొద్దు, ఇద్దరు కుర్ర పిచర్లు ఇస్తే నీకిచ్చేస్తా అని. పొద్దున్నే లేచి ట్రేడ్ ఒప్పుకున్నా, వాడి కోపం తగ్గకముందే.