ఇరవై నిమిషాల జర్మన్ కాఫీ కేక్ కిట్: సరుకు మంచిదే, కార్డు మాత్రం మన వంటింటిది కాదు

మే నెల రెండో వారంలో, హైదరాబాద్‌లోనే సరుకు కట్టి ఇళ్లకు పంపే ఒక చిన్న సంస్థ నుంచి "ఇరవై నిమిషాల జర్మన్ కాఫీ కేక్" అనే కిట్‌ను రెండు పెట్టెలు తెప్పించుకున్నాను. పెట్టె ఒక్కింటికి 549 రూపాయలు, సైనిక్‌పురిలోని మా ఇంటికి చేర్చినందుకు మరో 60 రూపాయలు పడింది. ఇందులో చక్కెర, బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపిన మైదా పొట్లం ఒకటి, పైన చల్లే పొడి కోసం మైదా, చక్కెర కలిపిన చిన్న పొట్లం ఇంకొకటి, పలుచగా తరిగిన బాదం, చిటికెడు కంటే కాస్త ఎక్కువగా దాల్చిన చెక్క పొడి, ఎనిమిది అంగుళాల చదరపు అల్యూమినియం పాన్, బటర్ పేపర్, తయారీ విధానం అచ్చువేసిన కార్డు ఉన్నాయి. వెన్న, రెండు కోడిగుడ్లు, పాలు మాత్రం మనం సమకూర్చుకోవాలి.

పెట్టె విప్పగానే మా అబ్బాయి వేసిన మొదటి ప్రశ్న, ఇందులో కాఫీ పొడి ఏదని. కాఫీ కేక్ అంటే కాఫీ వేసి చేసే కేకు కాదు, కాఫీతో కలిపి తినే కేకు. జర్మన్ ఇళ్లలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ కాఫీ, కేకు పెట్టుకొని కూర్చునే అలవాటు నుంచి వచ్చిన పేరు అది. ఈ ఒక్క వాక్యం కార్డు మీద ఉండి ఉంటే పిల్లవాడి నిరాశ తప్పేది. కార్డు మీద "బ్లిట్స్‌కూఖెన్" అన్న పేరైతే ఉంది కానీ, దాని అర్థం లేదు. బ్లిట్స్ అంటే మెరుపు, కూఖెన్ అంటే కేకు. దేనితో పోల్చి మెరుపన్నారో తెలిస్తేనే ఆ పేరుకు విలువ. ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉన్న సైలీషియా ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన పొడి చల్లిన కేకు వంటివి ఈస్ట్ కలిపిన పిండితో చేసేవి కాబట్టి, పిండి పొంగడానికే గంట, గంటన్నర ఆగాలి. బేకింగ్ పౌడర్ వచ్చాక ఆ నిరీక్షణ తప్పింది. బేకింగ్ పౌడర్‌ను కనిపెట్టినవాడు కాకపోయినా, దానిని జర్మన్ వంటిళ్లలోకి చేర్చిన ఘనత 1891లో బీలెఫెల్డ్ పట్టణంలో మందుల దుకాణం చేపట్టిన ఆగస్ట్ ఓట్కర్‌కు చెందుతుంది; అరకిలో పిండికి సరిగ్గా సరిపోయేంత పౌడర్‌ను చిన్న పొట్లాలుగా కట్టి అమ్మడం ఆయన చేసిన పని. మన సూపర్‌మార్కెట్లలో మయోనైజ్ సీసాల మీద కనిపించే డాక్టర్ ఓట్కర్ ఆయనే.

ఇక అసలు విషయానికి వస్తే, మొదటి పెట్టెను కార్డు చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా చేసి పాడుచేశాను. "వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి" అన్నది కార్డులోని మొదటి వాక్యం. ఎవరి గది అన్నదే ప్రశ్న. చల్లని దేశాల వంటింట్లో అది ఇరవై డిగ్రీలు కావచ్చు; ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు మా వంటింటి గోడ మీది థర్మామీటర్ 36 చూపిస్తోంది. పాలకొవ్వు 32 నుంచి 35 డిగ్రీల మధ్య దాదాపు పూర్తిగా కరిగిపోతుంది కనుక, గంట ముందు బయట పెట్టిన వెన్న గిన్నెలో పచ్చని నూనెలా తేలింది. వెన్ననూ చక్కెరనూ కలిపి గిలకొట్టమనడంలో ఉద్దేశం, చక్కెర పలుకులు గట్టి వెన్నను చీల్చుకుంటూ పోయి అందులో గాలి గూళ్లు చేయాలని. కరిగిన వెన్నలో ఆ గాలి నిలవదు. పైన చల్లవలసిన పొడి కూడా పొడిగా కాక తడి ముద్దగా మారి, పాన్‌లో వేసిన పది నిమిషాలకే పిండిలోకి దిగిపోయింది. ఓవెన్‌లోంచి తీసిన కేకుకు పైన బెల్లం పాకంలాంటి పెళుసు పొర, అడుగున నూనె మరక, మధ్యలో గట్టి ముద్ద. దానిని కేకు అని కాక బర్ఫీ అని వడ్డిస్తే ఎవరూ ఏమీ అనుకునేవారు కారేమో.

రెండో పెట్టెకు కార్డును పక్కన పెట్టాను. వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే, వేలితో నొక్కితే గుంట పడి ఆ గుంట మెరవకుండా ఉన్నప్పుడు వాడాను. గిలకొట్టే స్టీలు గిన్నెను చల్లనీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టాను. పైపొడిని జర్మన్‌లో ష్ట్రాయ్‌జెల్ అంటారు, చల్లేది అని దాని అర్థం. చల్లటి వెన్న ముక్కలను పిండిలో వేసి వేళ్ల కొసలతో నలుపుతూ ఎప్పుడు ఆపాలో తెలియక నేను తటపటాయిస్తుంటే, పక్కన కూరగాయలు తరుగుతున్న మా అత్తయ్యగారు, "పిడికిట్లో బిగించి చూడమ్మా, ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. గరిజెల పిండిలో నెయ్యి కలిపినప్పుడు చూసేది అదే కదా," అన్నారు. అచ్చం అదే పరీక్ష. కార్డు మీద మూడు వరుసల్లో చెప్పలేకపోయిన సంగతి పిడికిట్లో తేలిపోయింది. ఆ పొడిని పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, చివరి క్షణంలో పిండి మీద చల్లితే, కాలిన తర్వాత శనగగింజంత, బఠాణీ అంత పలుకులుగా విడివిడిగా నిలబడింది.

ఓవెన్ విషయంలోనూ కార్డును నమ్మకూడదు. 180 డిగ్రీల వద్ద 25 నిమిషాలు అని రాశారు. మా 30 లీటర్ల ఓటీజీ బుడిపెను 180 దగ్గర పెట్టి లోపల వేరే థర్మామీటర్ ఉంచితే 155 దాటలేదు. ఇది కిట్ తప్పు కాకపోయినా, ఇళ్లలో ఉండే చిన్న ఓవెన్లలో ఇలాంటి తేడా మామూలే కాబట్టి, "మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి" అన్న ఒక్క మాట చేర్చవలసింది. నాకు 36 నిమిషాలు పట్టింది. ఓవెన్ వేడెక్కడానికి పావుగంట, కలపడానికి ఇరవై నిమిషాలు, కోసేముందు చల్లారడానికి మరో ఇరవై నిమిషాలు కలుపుకుంటే, పెట్టె మీది ఇరవై నిమిషాలు నిజానికి గంటన్నర. ఈస్ట్ పిండితో పోలిస్తే ఇది మెరుపే, ఒప్పుకుంటాను. అయితే పెట్టె మీద ఆ పోలిక లేదు, ఇరవై అనే అంకె మాత్రమే ఉంది.

సరుకు నాణ్యతలో పెద్దగా వంక పెట్టలేను. బాదం పలుకులు తాజాగా, మక్కిన వాసన లేకుండా ఉన్నాయి. పాన్ గట్టిది, గోడలు నిటారుగా ఉండటంతో ముక్కలు చక్కగా కోయడానికి వస్తాయి. పెట్టెలో నిజంగా డబ్బు పెట్టదగిన వస్తువు అదొక్కటే అని నా అభిప్రాయం. దాల్చిన చెక్క పొట్లం మీద అది ఏ రకమో రాయలేదు. ఘాటును బట్టి అది మన బిర్యానీలో వేసే కాసియా రకమే అనిపించింది. ఆ రకంలో ఎక్కువగా ఉండే, మోతాదు మించితే కాలేయానికి హాని చేయగల కౌమరిన్ అనే పదార్థం గురించి జర్మనీ ప్రభుత్వపు ఆహార భద్రతా సంస్థ 2006లో హెచ్చరించింది కూడా. అర చెంచా పొడికి భయపడవలసిన పనిలేదు, కానీ జర్మన్ పేరు పెట్టి అమ్మేవారు ఆ వివరం ముద్రించాలి. అంతకంటే ముఖ్యమైన లోపం, మైదా పొట్లం మీద కట్టిన తేదీ తప్ప ఎప్పటిలోగా వాడాలన్నది లేకపోవడం. తేమ తగిలితే బేకింగ్ పౌడర్ సత్తువ పోతుంది. ముందే పిండిలో కలిపేస్తే దానిని విడిగా వేడినీళ్లలో వేసి, బుసబుస పొంగుతుందో లేదో చూసుకునే వీలు కూడా ఉండదు. ఈ సంగతి సంస్థకు రాస్తే రెండు రోజులకు మర్యాదగానే జవాబిచ్చారు, తర్వాతి విడతలో గడువు తేదీ వేస్తామన్నారు.

మూడోసారి కిట్ లేకుండానే, అదే పాన్‌లో చేశాను. రెండు వందల గ్రాముల మైదా, 120 గ్రాముల చక్కెర, 100 గ్రాముల ఉప్పులేని వెన్న, రెండు గుడ్లు, 120 మిల్లీలీటర్ల పాలు, ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు సరిపోయాయి. పైపొడికి 100 గ్రాముల మైదా, 50 గ్రాముల చక్కెర, 50 గ్రాముల వెన్న, అర చెంచా దాల్చిన చెక్క పొడి. అంటే రెండు పాళ్లకు ఒకటి, ఒకటి అన్న లెక్క. దాని మీద బాదం పలుకులు. కిట్‌లో వాళ్లు ఇచ్చిన పొడి సరుకంతా ఇంటి డబ్బాల్లోంచి తీసుకుంటే నా లెక్కలో వంద రూపాయలు దాటలేదు. ఇలాంటి పాన్ బేగంబజార్ గిన్నెల దుకాణాల్లో రెండు వందల లోపే దొరికింది, అదీ మా చెల్లెలి కోసం కొన్నాను కనుక తెలిసింది.

రుచి గురించి చెప్పాలంటే, ఇది ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్టులాంటిది కాదు. ముంచితే పైపొడి అంతా రాలి కప్పు అడుగుకు చేరుతుంది. పక్కన పెట్టుకొని, ఒక ముక్క కొరికి ఒక గుక్క తాగాలి. తీపి తక్కువ కాబట్టి చిక్కని ఫిల్టర్ కాఫీ దీనికి బాగా కుదిరింది. మా ఇంట్లో వాడే పొడిలో చికోరీ ఉంటుంది. 1781లో ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యపు రాజు రెండో ఫ్రెడరిక్ జనం ఇళ్లలో కాఫీ గింజలు వేయించకుండా కట్టడి చేసి, వాసన పట్టడానికి మాజీ సైనికులను వీధుల్లో తిప్పిన రోజుల్లో, అక్కడివాళ్లు కాఫీకి బదులు కాచుకున్నది ఈ చికోరీ వేరునే. ఆ లెక్కన మా డికాక్షన్ కేకుకు పరాయిదేమీ కాదు.

ఓవెన్ ఉండీ ఎప్పుడూ కేకు చేయనివారికి కానుకగా ఇవ్వడానికి ఈ కిట్ పనికివస్తుంది, వెన్న సంగతి నోటితో చెప్పి ఇచ్చేటట్టయితే. ఇప్పటికే మైదా, బేకింగ్ పౌడర్ ఇంట్లో ఉన్నవారికి 549 రూపాయలు ఎక్కువే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మన వంటిళ్లు కూడా ఆ కార్డు ఊహించిన గదుల్లాగే చల్లబడతాయి కనుక, డిసెంబరులో మరో పెట్టె తెప్పించి, ఈసారి కార్డు చెప్పినట్టే చేసి చూస్తాను. పొట్లం మీద గడువు తేదీ ఉంటేనే.