థార్, జిమ్నీ, గుర్ఖా: మన కొండదారులకు, రేగడి నేలలకు ఏది మేలు?

మారేడుమిల్లి దాటి గుడిస కొండ ఎక్కాలనుకునేవారికైనా, వానాకాలంలో నల్లరేగడి చేలలోకి వెళ్లి రావలసిన రైతుకైనా, నాలుగు చక్రాలూ లాగే బండి కొనాలనుకున్నప్పుడు ప్రధానంగా మూడు పేర్లు ఎదురవుతాయి. అవి మహీంద్రా థార్, మారుతి సుజుకి జిమ్నీ, ఫోర్స్ గుర్ఖా. మూడింటికీ నిచ్చెన లాంటి దృఢమైన ఛాసిస్ ఉంది, మూడింటిలోనూ నిటారు ఎక్కుడుకు పనికివచ్చే ‘ఫోర్ లో’ గేరు ఉంది. అయినా ఒకే గుంతలోకి దించి చూస్తే మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఆ తేడాకు కారణం ఇంజన్ శక్తి అని చాలామంది అనుకుంటారు కానీ, అసలు కారణాలు బండి బరువు, ఒక చక్రం నేలను వదిలినప్పుడు మిగిలిన చక్రాలు చేసే పని అని నా అభిప్రాయం. కొనేవారు షోరూములో అడగవలసిన మొదటి ప్రశ్నలు కూడా ఈ రెండింటి గురించే.

అంకెలను క్లుప్తంగా చెప్పుకుందాం. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన రెండో తరం థార్ ఫోర్ బై ఫోర్‌లో (నాలుగు చక్రాలూ లాగే రకంలో) 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. 2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్‌ది 150 హార్స్‌పవర్. 2023 జూన్‌లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీలో ఉన్నది 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఒక్కటే; దాని శక్తి సుమారు 105 పీఎస్ (ఇదీ హార్స్‌పవర్ లాంటి కొలతే), టార్క్ 134 న్యూటన్ మీటర్లు. 2024లో మెరుగులు దిద్దుకుని వచ్చిన గుర్ఖాలో మెర్సిడెస్ సాంకేతికత ఆధారంగా రూపొందిన 2.6 లీటర్ల డీజిల్ ఇంజన్ 140 పీఎస్, 320 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. కాగితం మీద చూస్తే జిమ్నీ బాగా వెనకబడినట్టే కనిపిస్తుంది. అయితే జిమ్నీ బరువు దాదాపు 1,200 కిలోలు మాత్రమే. థార్ దానికంటే సుమారు అర టన్ను బరువు ఎక్కువ, ఐదు తలుపుల గుర్ఖా రెండు టన్నులు దాటుతుంది. తక్కువ బరువున్న బండికి తక్కువ టార్క్‌తోనే పని జరుగుతుంది కాబట్టి, ఈ అంకెలను విడివిడిగా చూసి తీర్పు చెప్పడం సరికాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలివైపు చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. అందుకోసమే ప్రతి ఇరుసు మధ్యలో, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. తారురోడ్డు మీద ఎంతో మేలు చేసే ఈ ఏర్పాటే గతుకుల దారిలో శత్రువుగా మారుతుంది, ఎందుకంటే ఏ చక్రానికి ప్రతిఘటన తక్కువగా ఉంటే ఇంజన్ తిప్పుడంతా ఆ చక్రంలోకే పోతుంది. వాన నీరు కోసేసిన కొండదారిని ఊహించుకోండి. దారికి అడ్డంగా ఏటవాలుగా పారిన చాలు వల్ల బండి ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి గాలిలోకి లేస్తాయి. అప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లేచిన రెండు చక్రాలే గిర్రున తిరుగుతాయి, నేల మీద ఉన్న రెండూ కదలకుండా నిలబడిపోతాయి. బండి పేరులో నాలుగు చక్రాలు ఉన్నా, ఆ క్షణాన పనిచేసే చక్రం ఒక్కటీ ఉండదు.

ఈ చిక్కును మూడు బండ్లూ మూడు మార్గాల్లో పరిష్కరిస్తాయి. గుర్ఖాలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ విడివిడిగా డిఫరెన్షియల్ లాకులు కంపెనీయే అమర్చి ఇస్తుంది, వాటిని డ్రైవరు తానే వేసుకోవాలి. లాకు పడగానే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. చక్రం గాలిలో ఉందా నేల మీద ఉందా అన్నదానితో నిమిత్తం లేకుండా బండి నింపాదిగా, ఆర్భాటం లేకుండా పైకి పాకుతుంది. థార్‌లో కొన్ని వేరియంట్లలో వెనక ఇరుసుకు దానంతట అదే బిగుసుకునే మెకానికల్ లాకు ఉంటుంది. రెండు వెనక చక్రాల వేగాల మధ్య తేడా పెరగగానే అది టక్కున పట్టుకుంటుంది. ముందు చక్రాలకు మాత్రం బ్రేకుల సాయమే దిక్కు. జిమ్నీలో లాకు ఎక్కడా లేదు. ఊరికే తిరుగుతున్న చక్రాన్ని కంప్యూటరు బ్రేకుతో ఆపి, ఆ తిప్పుడును అవతలి చక్రానికి మళ్లిస్తుంది. ఈ పద్ధతి పని చేయదని అనుకోకూడదు, బాగానే చేస్తుంది. కానీ చక్రం కొంతసేపు జారిన తర్వాతే బ్రేకు పడుతుంది కాబట్టి డ్రైవరు భయపడి కాలు తీసేయకుండా యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టి ఉంచాలి. పొడవైన బురద ఎక్కుడులో ఆ కాస్త ఆలస్యమే బండిని ఆపేస్తుంది.

ఈ లోటును జిమ్నీ మరో విధంగా చాలావరకు పూడ్చుకుంటుంది. దాని ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే కావడం వల్ల ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి ఒత్తుకుని నేలను అంటిపెట్టుకుంటుంది.  థార్, గుర్ఖా ముందు చక్రాలకు మాత్రం ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడివిడిగా పైకీ కిందికీ కదిలే అమరిక) ఇచ్చారు. దానివల్ల తారురోడ్డు మీద స్టీరింగ్ నిలకడగా ఉంటుంది, హైవే ప్రయాణం సుఖంగా సాగుతుంది. అయితే పెద్ద గోతుల్లో జిమ్నీ కంటే ముందుగా వీటి ముందు చక్రమే గాలిలోకి లేస్తుంది. ఎత్తుల విషయానికొస్తే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం) గుర్ఖాకు 233, థార్‌కు 226, జిమ్నీకి 210 మిల్లీమీటర్లు. ఈ తేడాలు చిన్నవే.

మన నేలల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆదిలాబాద్‌లో, కర్నూలు పడమటి మండలాల్లో నల్లరేగడి తడిస్తే టైరు గాడులన్నీ క్షణాల్లో పూడుకుపోతాయి. అప్పుడు టైరు నున్నటి నల్లటి ముద్దలా మారి సబ్బు మీద నడిచినట్టు జారుతుంది. అక్కడ బరువు ఎంత తక్కువైతే అంత మంచిది. దిగబడిన జిమ్నీని నలుగురు కలిసి తోస్తే కదిలే అవకాశముంది; దిగబడిన గుర్ఖాకు ట్రాక్టరు రావాల్సిందే. గోదావరి ఇసుకలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. టైర్లలో గాలిని 18 పీఎస్ఐ దాకా దించి, మధ్యలో ఆపకుండా పోనిస్తే జిమ్నీ ఇసుక మీద తేలికగా సాగిపోతుంది. (మళ్లీ తారురోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవడం తప్పనిసరి కాబట్టి చిన్న ఎయిర్ కంప్రెసర్ ఎప్పుడూ బండిలో ఉండాలి.) వాగుల దగ్గర మాత్రం లెక్క తారుమారవుతుంది. కంపెనీ లెక్క ప్రకారం గుర్ఖా 700, థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలవు. గుర్ఖాకు ఇంజన్ గాలి పీల్చే గొట్టం కూడా పైకప్పు ఎత్తున అమర్చి వస్తుంది. జిమ్నీతో అంత లోతుకు దిగకూడదు. పైగా తక్కువ బరువు వల్ల పారే నీటి తోపుకు అదే ముందుగా పక్కకు జరుగుతుంది. వరద పారుతున్న వాగులోకి ఏ బండినీ దించకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మన్యం దారుల్లో వెడల్పు కూడా పెద్ద విషయమే. జిమ్నీ వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, థార్ 1,820. ఒకవైపు కొండ, మరోవైపు లోయ ఉన్న చోట ఎదురుగా జనంతో నిండిన సర్వీసు జీపు వస్తే, ఆ జానెడు తేడాయే దారి ఇవ్వడానికీ, అర కిలోమీటరు రివర్స్ గేరులో వెనక్కి పోవడానికీ మధ్య తేడా అవుతుంది. తూర్పు కనుమల లోపలి దారుల్లో జిమ్నీకి ఉన్న ఈ అనుకూలతను కొనేవారు తక్కువగా అంచనా వేస్తున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త మూడు బండ్లకూ వర్తిస్తుంది. వీటిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. అందువల్ల పొడి తారురోడ్డు మీద ‘ఫోర్ హై’లో (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగపు గేరులో) మలుపులు తిప్పితే ఇరుసుల మధ్య బిగువు పెరిగి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె), టైర్లు దెబ్బతింటాయి. ఘాట్ రోడ్డు మీద పట్టు ఎక్కువ ఉంటుందన్న ఆశతో పొడి రోడ్డులోనూ ఫోర్ హై వేసి నడిపేవారు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి.

కుటుంబంతో వెళ్లేవారికి తలుపులు, సీట్లు, భద్రత ముఖ్యం. మూడు తలుపుల థార్ వెనక సీట్లోకి పెద్దవాళ్లు ఎక్కడం కష్టమే. జిమ్నీలో వెనక తలుపులున్నాయి కానీ నలుగురికే చోటు. సీట్లన్నీ నిండితే సామాన్లకు మిగిలేది 208 లీటర్లు. కార్లను ఢీకొట్టించి చూసే భద్రత పరీక్షల్లో 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ థార్‌కు నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. ఐరోపాలో అమ్మిన మూడు తలుపుల జిమ్నీకి 2018లో యూరో ఎన్‌క్యాప్ ఇచ్చినవి మూడే, అయితే ఇక్కడి జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. 2024 గుర్ఖాలో ఉన్నవి రెండే; పిల్లలతో దూర ప్రయాణాలు చేసే ఇంటికి ఇది చిన్న లోపం కాదు. 2024 ఆగస్టులో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు దక్కాయి, కాబట్టి ఇంటిల్లిపాది తిరిగే బండి కావాలంటే దానిని కూడా ఈ పోటీలో చేర్చుకోవాలి. అయితే రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌తోనే వస్తుంది, ఇరుసుల మధ్య దూరం 2,450 నుంచి 2,850 మిల్లీమీటర్లకు పెరగడం వల్ల నిటారు దిబ్బల మీద కడుపు తగిలే అవకాశం మూడు తలుపుల థార్ కంటే ఎక్కువ.

ఇంధనం విషయంలో జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే. బంకులు దూరదూరంగా ఉండే ఏజెన్సీ ప్రాంతంలో, అందులోనూ ఫోర్ లోలో గంటల తరబడి నడిపినప్పుడు, 57 లీటర్ల థార్, 63.5 లీటర్ల గుర్ఖా నిశ్చింతగా ఉంచుతాయి. మరమ్మతులకు మారుతి వర్క్‌షాపు దాదాపు ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది, మహీంద్రా కూడా అంతే. ఫోర్స్ వర్క్‌షాపులు తక్కువే అయినా, గుర్ఖా ఇంజన్ రకమే ట్రావెలర్ వ్యాన్లలోనూ ఉండటం వల్ల ఆ వ్యాన్లు బాగుచేసే మెకానిక్కులకు ఇది కొత్త కాదు. బాడీ భాగాలకు మాత్రం ఎదురుచూడక తప్పదు.

ఇక ఏది కొనాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. వారంలో ఐదు రోజులు విజయవాడ లేదా హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగి, సెలవుల్లో ఇద్దరో ముగ్గురో కొండదారి పట్టేవారికి జిమ్నీ మేలు; చిన్న ఇంజన్ అని దానిని పక్కన పెట్టడం అన్యాయం. ఎస్టేటు, చేపల చెరువు, క్వారీ వంటి చోట్ల రోజూ బురదలో బరువుతో నడపవలసినవారికి గుర్ఖాను మించినది ఈ మూడింటిలో లేదు. అయితే నగరంలో దాని బరువు, పరిమాణం విసుగు పుట్టిస్తాయి. హైవే మీద వందల కిలోమీటర్లు సుఖంగా వెళ్లి, చివరి ఇరవై కిలోమీటర్లు రాళ్లదారిలో ఎక్కవలసిన వారికి థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ సరైనది. థార్ పేరుతోనే వెనక చక్రాలు మాత్రమే లాగే 1.5 లీటర్ల డీజిల్ వేరియంటు కూడా అమ్ముతున్నారు. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి బుకింగ్ కాగితం మీద ఫోర్ బై ఫోర్ అని, వెనక డిఫరెన్షియల్ లాకు ఉందని రాయించుకున్న తర్వాతే అడ్వాన్సు కట్టాలి.