కస్టోడియన్ మార్చే అడ్వైజర్లకు: ష్వాబ్‌పై మా అంచనా

2023 లేబర్ డే సెలవుల్లో బ్రోకరేజీ సంస్థ టీడీ అమెరిట్రేడ్ ఖాతాలు దాన్ని కొనేసిన ష్వాబ్‌లోకి మారాక, కొన్ని చిన్న అమెరికన్ అడ్వైజరీ సంస్థలు కొత్త కస్టోడియన్‌ను (క్లయింట్ల డబ్బు, షేర్లు భద్రంగా ఉంచే సంస్థను) వెతకడం మొదలుపెట్టాయి. ష్వాబ్ దగ్గర సేవల పరిధికి లోటు లేదు, విడిగా కస్టడీ ఫీజూ లేదు. అయితే ఊరికే ఎవరూ ఇవ్వరు కదా! ఖాళీగా పడున్న నగదు బ్యాంక్ స్వీప్‌లోకి, అంటే దానంతటదే బ్యాంక్ డిపాజిట్‌లోకి పోతుంది, దాని మీద వచ్చే వడ్డీ తక్కువ. ఎక్కువ రాబడి కావాలంటే మనీ మార్కెట్ ఫండ్ మీరే కొనాలి. స్వీప్ రేటెంతో మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి.

అసలు తలనొప్పి బదిలీలోనే. ఏకాట్స్ (ఖాతాలను ఒక బ్రోకర్ నుంచి ఇంకో బ్రోకర్‌కు మార్చే ఆటోమేటిక్ వ్యవస్థ) సాఫీగా సాగితే సుమారు ఆరు పనిదినాలు. ఖాతా పేరులో తేడా ఉంటే ఆగిపోతుంది. మన పేర్లతో ఇది మామూలే: ఒకచోట 'వెంకట సత్యనారాయణ', ఇంకోచోట 'వి.ఎస్.' ముందే సరిచేయించండి. షేర్ల ముక్కలు (పూర్తి షేరుకు తక్కువైనవి) సాధారణంగా బదిలీ కావు, అమ్మేస్తారు, పన్ను పడొచ్చు. కొన్న ధర వివరాలు ఆలస్యంగా వస్తాయి, అవి చేరేదాకా ఏదీ అమ్మకండి.

ఇండియాకు తిరిగెళ్లే క్లయింట్లుంటే, అక్కడి చిరునామాతో ఖాతా కొనసాగనిస్తారో లేదో సంతకానికి ముందే తేల్చుకోండి. ముందు ఐదారు ఖాతాలతో మొదలుపెట్టి, వాటి నుంచి మీ అడ్వైజరీ ఫీజు కోత సరిగ్గా పడ్డాకే మిగతావి పంపండి.