నడినెత్తిన ఎలక్ట్రోడ్, ఎదుట గడియారం: మారతహళ్లి లిబెట్ డెమో ఎలా ఉందంటే

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారాలు తెలుగులో నడిచే మూడు గంటల డెమో ఇది. కదలాలన్న నిర్ణయం మనకు తెలియకముందే మెదడులో మొదలవుతుందా అని చూడడానికి అమెరికన్ మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ చేసి, 1983లో ప్రచురించిన ప్రయోగాన్ని చిన్న ఈఈజీ కిట్టుతో (తలమీద నుంచి మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచేది) చేయిస్తారు. తెరమీద చుక్క 2.56 సెకన్లకో చుట్టు తిరుగుతుంటుంది. బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు కదపాలి, పుట్టిన క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పాలి. (మన భాషలో బుద్ధి పుడుతుందే గాని, ఎవరూ పుట్టించరు. ఈ గొడవంతా ఆ క్రియాపదం మీదే.)

తయారీకి మంచి మార్కులే వెయ్యాలి. నడినెత్తిన ఒక ఎలక్ట్రోడ్, దానితో పోల్చుకోవడానికి చెవి వెనక ఎముకమీద రిఫరెన్సు, ముంజేతి కండరానికి ఇంకో జత. కదలిక మొదలైన క్షణాన్ని ఈ జతే పట్టిస్తుంది. బటన్‌ను నమ్ముకుంటే ఆలస్యమవుతుంది. తలకు నూనె పెట్టుకు రావద్దని ముందే మెసేజ్ వస్తుంది. జిడ్డు ఉంటే ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ అడ్డంకి) 5 కిలోఓంల కిందికి దిగడం కష్టం. ఏసీ వేసి ఉంచడమూ సబబే: చెమట పడితే సిగ్నల్ మెల్లగా జారిపోతుంది, కదలికకు ముందు మెదడులో మనం వెతికే తరంగం కూడా మెల్లనిదే.

తిరకాసంతా ఫిల్టరు దగ్గర. హైపాస్‌ను (ఇంతకన్నా మెల్లని మార్పులను కోసేసే హద్దు) 0.5 హెర్ట్జ్ దగ్గరే వదిలేశారు. కదలికకు ముందు నెమ్మదిగా పేరుకునే రెడీనెస్ పొటెన్షియల్ చాలావరకు అక్కడే కొట్టుకుపోతుంది, 0.05 దగ్గర పెట్టాల్సింది. పైగా ఒక్కొక్కరికీ 15 ప్రయత్నాలే. ఈ తరంగం కొద్ది మైక్రోవోల్టులు, సగటు తీస్తే తప్ప పైకి తేలదు. లిబెట్ లాగా 40 తీస్తే రొద ఆరో వంతుకు పడిపోతుంది, 15తో నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. రెప్పపాట్లు పడ్డవి తీసేస్తే ఇంకా తక్కువ.

చివరి ఉపన్యాసం మరీ తొందరపాటు. తరంగం కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మొదలైంది, కోరిక తెలిసింది 200 ముందు, కాబట్టి నిర్ణయం మీది కాదని తేల్చేస్తారు. మెదడులో ఎప్పుడూ ఉండే ఒడుదొడుకులు ఒక గట్టు దాటినప్పుడు కదలిక వస్తుందనుకుని, అక్కణ్నుంచి వెనక్కి సగటు తీసినా ఇలాంటి వంపే వస్తుందని షుర్గర్ బృందం 2012లో చూపింది. అలాంటప్పుడు 550 దగ్గర నిర్ణయం జరిగిపోయిందనడానికి ఆధారమేది? విరాళం ఏ సంస్థకు వెళ్లాలన్న ఎంపికల్లో ఆ తరంగం దాదాపు కనబడలేదని మావోజ్ బృందం 2019లో చెప్పింది. కోరిక తెలిశాక కూడా ఆపుకునే వ్యవధి ఉందని లిబెట్టే అన్నాడు. వీటిలో ఒక్కటీ ప్రస్తావనకు రాలేదు.

ఎలక్ట్రోడ్లు పెట్టడం నేర్చుకోవాలంటే మాత్రం వెళ్లొచ్చు. వచ్చేటప్పుడు ముడి ఫైలు అడిగి తీసుకోండి. ఇక్కడ ఫిల్టరు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది గనక ఇంట్లో సరిచేసుకోవచ్చు. సర్క్యూట్‌లోనే బిగించిన కిట్లకు ఆ దారీ లేదు.