సైకిల్ మీద తిరిగే ఎబొనైట్ పెన్ను కక్కుతుందా, లేదా?

ముందే తేల్చి చెప్పేస్తాను. రాజమండ్రిలో లేత్ మీద చేత్తో తిప్పి చేసిన ఎబొనైట్ ఇంకు పెన్ను, అదీ లోపల ట్యూబూ గీబూ ఏమీ లేకుండా పెన్ను నిండా నేరుగా ఇంకు పోసుకునే పాతకాలం రకం, సైకిల్ మీద తిరుగుతూ బొమ్మలు వేసుకునేవాళ్లకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకుని తొక్కుతారన్నదాని మీదే అంతా ఉంది. చొక్కా జేబులోనే పెట్టుకుంటాను, నా అలవాటు అదే అంటే మాత్రం దీని జోలికి పోకండి, హాయిగా జెల్ పెన్ను కొనుక్కోండి.

నేనుండేది హైదరాబాదులో, తార్నాక దగ్గర. ఆఫీసుకి సైకిలే, ఆదివారం పొద్దున్న తిరుగుడుకీ సైకిలే. సంచిలో ఒక స్కెచ్ పుస్తకం, చిన్న నీటిరంగుల డబ్బా, రెండు బ్రష్‌లు, ఒక పెన్ను ఎప్పుడూ ఉంటాయి. ఎక్కడ నచ్చితే అక్కడ స్టాండు వేసి, సీటు మీద పుస్తకం ఆనించి గీసుకోవడం. చాలాకాలం ఫైన్‌లైనర్లు, అంటే వాడి పారేసే సన్నమొన పెన్నులు, వాడాను గానీ గరుకు కాగితం మీద 0.3 మిల్లీమీటర్ల మొన ఎన్నాళ్లో నిలవదు, మొద్దుబారాక దాన్ని పారేయడం తప్ప చేసేదేమీ లేదు, ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ గొట్టం చెత్తబుట్టలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఊరెళ్లినప్పుడు రాజమండ్రిలో ఆగి ఈ పెన్ను కొన్నది అందుకే.

చేసినవాళ్ల పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఒక దుకాణం మీద రివ్యూ కాదు, ఈ రకం పెన్ను మీద రివ్యూ, పైగా ఆ ఊళ్లో ఈ పని చేసినవాళ్లు ఒకరిద్దరితో ఆగలేదు. 1930ల స్వదేశీ రోజుల్లో ఇదే ఊళ్లో తయారైన రత్నం పెన్ను గాంధీగారి దాకా వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను.

ఎబొనైట్ అంటే రబ్బరే. గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి, వేడి చేసి రాయిలా గట్టిపరిచిన రబ్బరు. చేతికి ప్లాస్టిక్‌లా జారదు, లోహంలా చల్లగానూ ఉండదు. కిలోమీటర్ల కొద్దీ తొక్కి వచ్చి చెమట చేత్తో పట్టుకున్నా పట్టు తప్పదు, సైకిల్ తొక్కేవాడికి ఇది చిన్న విషయం కాదు. అరచేతిలో గట్టిగా రుద్ది వాసన చూస్తే లీలగా గంధకం తెలుస్తుంది. ఎండా తేమా తగులుతుంటే నలుపు మెల్లగా వెలిసి గోధుమరంగులోకి తిరుగుతుంది. పాలిష్ చేస్తే మళ్లీ నల్లబడుతుందట గానీ నాకు ఆ వెలిసిన రంగే బాగుంది, వదిలేశాను.

ఇక అసలు విషయం, కక్కడం. ఇంకు పెన్నులతో బడికి వెళ్లినవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. జేబు కింద నీలం మచ్చ, సుద్దముక్కతో ఇంకు పీల్చడం, పాళీని జుట్టుకి తుడుచుకోవడం, ఇంటికెళ్లాక అమ్మ చేతిలో అక్షింతలు. పెన్ను పాడైతేనే కక్కుతుందని అప్పట్లో అనుకునేవాళ్లం, నిజానికి దానికి కారణం లోపలున్న గాలి. ఈ పెన్నులో సుమారు మూడు మిల్లీలీటర్ల ఇంకు పడుతుంది, మామూలు చిన్న కార్ట్రిడ్జ్‌లో అయితే 0.8 మాత్రమే. నిండుగా ఉన్నంతసేపూ పేచీ లేదు. సగం అయిపోయిందనుకోండి, ఒకటిన్నర మిల్లీలీటర్ల గాలి లోపల చేరుతుంది. 24 డిగ్రీల ఏసీ ఆఫీసులోంచి మే నెల 40 డిగ్రీల ఎండలోకి వస్తే ఆ గాలి ఐదు శాతం పైచిలుకు ఉబ్బుతుంది, అంటే దాదాపు 0.08 మిల్లీలీటర్లు. ఒక చుక్క 0.05 అని లెక్కేసుకుంటే, మీ పెన్ను ఒకటిన్నర చుక్కని బయటికి నెట్టి తీరాలి. పాళీ కిందికి ఉంటే ఇంకు వస్తుంది, పైకి ఉంటే ఉత్త గాలి పోతుంది. అంతే. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

కాబట్టి పాళీ ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాలి. సగానికి దిగగానే ఫిల్లరుతో మళ్లీ నింపేయాలి, ఇది బద్ధకస్తులకి కుదిరే పని కాదు. మరల దగ్గర పలచగా సిలికాన్ గ్రీజు రాస్తే అక్కడినుంచి ఊరడం ఉండదు. సైకిల్ బేరింగులకి వేసే గ్రీజు మాత్రం రాయకండి, ఇంకులో కలిస్తే పాళీ దాకా వెళ్లి గీతలు తెగిపోతాయి.

వేడి సంగతి అలా ఉంటే, కుదుపుల సంగతి వేరు. హ్యాండిల్ సంచిలో నిలబెట్టినా మూత లోపల చిన్న చిన్న తుంపర్లు పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే మన కాలనీల్లో వరసగా పోసిన స్పీడ్ బ్రేకర్ల దెబ్బ ముందు చక్రానికే నేరుగా తగులుతుంది. ఫ్రేము మధ్యలో త్రికోణం సంచి ఉంటుంది కదా, దాని లోపల ఒక పక్కన మందపాటి కాన్వాసుతో పెన్ను పట్టేంత సన్నటి గొట్టంలా దర్జీ దగ్గర కుట్టించుకున్నాను. ఇప్పుడు మూత తీస్తే పాళీ మెడ దగ్గర కాస్త తడి కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. కాస్త వెడల్పు టైర్లు వేసి గాలి ఒకింత తగ్గించి తొక్కితే ఇంకా మేలు, ఆ మాట పెన్నుకే కాదు నడుముకీ వర్తిస్తుందనుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ లాంటి చోట్ల తొక్కేవాళ్లకి ఈ బాధే ఉండదు. నా రోజువారీ దారి అలాంటిది కాదు.

గీయడంలో ఎలా ఉందంటే, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని ఆ పెద్ద కమాను గీస్తున్నప్పుడు తెలిసింది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైట్ భవనంలో గీతలు రెండు రకాలు, బయటి అంచులు బరువుగా ఉండాలి, లోపలి చెక్కడాలు వెంట్రుకలా ఉండాలి. పాళీ మామూలుగా పట్టుకుంటే మొదటిది, తిరగేసి వీపుతో గీస్తే రెండోది. ఒకే పెన్ను, మార్చుకోవడం లేదు. పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే నాలుక కూడా ఎబొనైట్‌దే కావడం వల్ల కాబోలు, గబగబా గీతలు లాగినా మధ్యలో ఇంకు అందక ఖాళీ రావడం నేను చూడలేదు.

ఇంకు విషయంలో నా ఓటు చవకరకం బ్రిల్ రాయల్ బ్లూకే. నీళ్లకి చెరిగిపోతుంది, నాకు కావలసిందీ అదే. కమాను కింద నీడ కోసం వేరే రంగు కలపక్కర్లేదు, గీత పక్కన తడి బ్రష్ ఒక్కసారి లాగితే నీలం కరిగి నీడ తనంతట తనే పరుచుకుంటుంది. గీత చెరగకుండా పైన రంగులు వేసుకోవాలంటే ఫౌంటెన్ పెన్ను కోసమే చేసిన పిగ్మెంట్ ఇంకు కొనాలి, అయితే వారాల తరబడి పెన్నులో ఎండనివ్వకూడదు. డ్రాయింగ్ దుకాణాల్లో దొరికే లక్క కలిసిన నల్ల ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, నాలుకలో గడ్డకట్టిందంటే పెన్ను అయిపోయినట్టే. కాగితం కూడా చూసుకోండి. 300 జీఎస్ఎం మందపాటి కాగితమైనా మరీ గరుకుదైతే పాళీ చీలికలో పీచు ఇరుక్కుంటుంది, నున్నటి రకం తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

నచ్చనివీ ఉన్నాయి. మూత మరలది, తిప్పి తిప్పి తీయాలి, సిగ్నల్ దగ్గర ఏదో కనపడి గబుక్కున గీద్దామంటే అది ఊడేలోపు పచ్చలైటు పడుతుంది. వేసవి వడగాలిలో మూత తీసి ఆలోచిస్తూ కూర్చుంటే పాళీ ఆరిపోయి మొదటి గీత పడదు. ఇంకా, ఇంత లావు నల్ల పెన్నూ పుస్తకమూ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడితే జనం మనల్ని ఊరికే వదలరు. మొజంజాహీ మార్కెట్ ముందు గడియారం బురుజు గీస్తుంటే టీ బండి ఆయన వచ్చి, "ఏంది సార్, మళ్లా రోడ్డు వెడల్పు చేస్తున్నరా? మా బండి పోతదా?" అని నిజంగానే టెన్షన్ పడ్డాడు. బొమ్మ చూపించాకే నమ్మాడు, అందులో తన బండి లేదని గుర్తు చేసి మరీ గీయించుకున్నాడు.

కొనేటప్పుడు నేరుగా వెళ్లి కొనడమే మంచిది. పాళీ అక్కడే కాగితం మీద రాసి చూసుకోండి, మీరు తెచ్చుకున్న స్కెచ్ కాగితం మీదే రాయండి, వాళ్ల నున్నటి కాగితం మీద ఏ పాళీ అయినా బాగానే నడుస్తుంది. మరీ సన్న పాళీ అడక్కండి, గరుకు కాగితాన్ని గీరుతుంది. మీడియం తీసుకుని సన్న గీతకి తిరగేసుకుంటే చాలు. మూతకి క్లిప్పు ఉందో లేదో చూడండి, క్లిప్పు లేనిది సీటు మీద పెడితే దొర్లిపోతుంది. బంగారు పాళీ వేయమంటారా అని అడుగుతారు. రాతబల్ల మీద ఉండే పెన్నుకైతే సరే అనొచ్చు. పంక్చర్ కిట్టు పక్కన పడుండే పెన్నుకి స్టీలు పాళీ చాలు, మిగిలిన డబ్బుతో మంచి మడ్‌గార్డులు వేయించుకోండి.