ఎడారి ఇసుకలో వెతకడానికి ఏది మేలు: రాడారా, మాగ్నెటోమీటరా, మెటల్ డిటెక్టరా?

ఇసుక కింద పూడిపోయిన వస్తువును తవ్వకుండా కనిపెట్టడానికి ముఖ్యంగా మూడు పరికరాలున్నాయి: నేలలోకి రేడియో తరంగాలు పంపి వాటి ప్రతిధ్వనులను పట్టే భూగర్భ రాడార్ (జీపీఆర్), అయస్కాంత క్షేత్రంలోని తేడాలను కొలిచే మాగ్నెటోమీటర్, మెటల్ డిటెక్టర్. నా మొగ్గు రాడార్ వైపే. అయితే ఇసుక నిజంగా పొడిగా ఉండాలి, వెతుకుతున్నది ఏమిటో ముందే తెలిసి ఉండాలి.

రాడార్ తరంగాలకు బద్ధశత్రువు ఉప్పునీరు. తడి బంకమట్టిలోనూ అవి ఎక్కువ లోతుకు దిగకుండానే అణగారిపోతాయి. పొడి ఇసుకలో విద్యుత్ ప్రవాహానికి దారి లేదు కాబట్టి తరంగశక్తి వేడిగా మారి వృథా కాదు. 1981 నవంబరులో కొలంబియా వ్యోమనౌకలో వెళ్లిన సిర్-ఎ రాడార్ ఈజిప్టు, సూడాన్ సరిహద్దులోని సెలీమా ఇసుక మైదానాన్ని చిత్రించినప్పుడు, చదునైన ఇసుక కింద ఏనాడో ఎండిపోయిన నదీలోయలు బయటపడ్డాయి. అంతరిక్షం నుంచి వచ్చిన తరంగమే అంత లోపలికి చూడగలిగితే, నేలకు ఆనించి నడిపే యాంటెనా ఇంకెంత చూడగలదో ఊహించవచ్చు.

యాంటెనాను తిన్నగా లాక్కుంటూ వెళ్తే ఇసుక పొరలు తెరపై గీతలుగా పరుచుకుంటాయి. పైపో, డబ్బానో అడ్డొచ్చిన చోట ఆ గీతల మధ్య బోర్లించిన గిన్నెలాంటి వంపు లేస్తుంది. ఆ వంపు వస్తువు ఆకారం కాదు. యాంటెనా ఇంకా దూరంగా ఉండగానే ప్రతిధ్వని అందడం మొదలవుతుంది, దగ్గరయ్యే కొద్దీ త్వరగా అందుతుంది, దాటాక మళ్లీ ఆలస్యమవుతుంది. వస్తువు ఉండేది వంపు శిఖరం కింద. వంపు రెక్కల వాలును బట్టి ఇసుకలో తరంగవేగం లెక్కకట్టవచ్చు. పొడి ఇసుకలో అది నానోసెకనుకు (సెకనులో వందకోట్లో వంతుకు) సుమారు 15 సెంటీమీటర్లు, అంటే గాలిలో ఉండే వేగంలో సగం. ప్రతిధ్వని 20 నానోసెకన్లకు తిరిగొస్తే రానుపోను 3 మీటర్లు, లోతు మీటరున్నర. అదే తడి ఇసుకలో వేగం 6 సెంటీమీటర్లకు పడిపోతే లోతు 60 సెంటీమీటర్లే! అందుకే తెలిసిన లోతులో ఒక ఇనుప పైపును పాతి, దాని మీదుగా నడిపి వేగాన్ని సరిచూసుకోకుండా చెప్పే లోతును నేను నమ్మను. పక్కన నిలిపిన వాహనం కూడా తెరపై వంపు గీస్తుంది. గాలిలో వేగం రెట్టింపు కాబట్టి దాని రెక్కలు మరీ వెడల్పుగా ఉంటాయి, ఆ తేడాతోనే దాన్ని ఏరివేయాలి.

యాంటెనా ఎంపికలో రాజీ తప్పదు. 400 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పొడి ఇసుకలో రెండు మూడు మీటర్ల వరకు ధీమాగా చూడవచ్చు. 100 మెగాహెర్ట్జ్‌తో పది మీటర్లైనా దాటవచ్చు గానీ, తరంగదైర్ఘ్యం మీటరున్నర అవుతుంది, చిన్న వస్తువులు దానికి ఆనవు.

ఇనుము కోసం వెతికేవారు మాత్రం ముందు మాగ్నెటోమీటర్‌నే పట్టుకోవాలి. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటే, మంచి పరికరం అందులో ఒక్క నానోటెస్లా కంటే చిన్న తేడానూ పసిగడుతుంది. దాన్ని నేలకు ఆనించనక్కర్లేదు. రాళ్ల మీదా దిబ్బల మీదా చేత్తో పట్టుకుని చకచకా నడవవచ్చు, డ్రోన్‌కు వేలాడదీయవచ్చు. కానీ దూరం రెట్టింపైతే సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బసాల్ట్ లాంటి అగ్నిశిలలున్న చోట ఆ రాళ్ల సంకేతమే అంతా ముంచేస్తుంది. రాగి, అల్యూమినియం దానికి లేనట్టే; రాతిగోడ, ఖాళీ గది చాలాసార్లు అంతుచిక్కవు. 2003లో ఇరాక్‌లోని అల్ తఖద్దుమ్ వైమానిక స్థావరంలో ఇసుకలో పాతిపెట్టిన యుద్ధ విమానాలు బయటపడ్డాయి. అల్యూమినియం విమానమైతే మాగ్నెటోమీటర్‌కు ఇంజనులోని ఉక్కు భాగాలే చిక్కుతాయి, రాడార్‌కు రెక్కలతో సహా కనిపిస్తుంది.

ఉప్పు నేలలో కథ తిరగబడుతుంది. అరేబియా తీరాల్లో సబ్ఖాలనే ఉప్పు మైదానాలు పైకి ఎండి పెళుసుగా ఉన్నా, కొద్ది లోతులోనే చిక్కటి ఉప్పునీరు ఉంటుంది. అక్కడ రాడార్ పెట్టె దించడమే దండగ. మాగ్నెటోమీటర్‌కు ఉప్పుతో పేచీ లేదు.

మెటల్ డిటెక్టర్ గురించి చెప్పాల్సింది కొంచెమే. చవక, తేలిక, ఏ లోహాన్నైనా పడుతుంది. కానీ చిన్న వస్తువులైతే మూరెడు లోతు కూడా కష్టమే.

అయినా మందుపాతరల దగ్గర ఆ చిన్న పరికరాన్ని వదులుకోలేం. 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో పాతిన మందుపాతరలు ఈజిప్టు పశ్చిమ ఎడారిని దశాబ్దాల తరబడి పీడించాయి. ఇసుక కదిలే కొద్దీ వాటి లోతు మారుతుంది. తర్వాతి కాలంలో లోహం దాదాపు లేని ప్లాస్టిక్ మందుపాతరలు వచ్చాయి. వీటికి రాడారే మందు అనిపిస్తుంది. చిక్కేమిటంటే, తరంగం ప్రతిఫలించాలంటే వస్తువుకూ చుట్టూ ఉన్న ఇసుకకూ డైఎలక్ట్రిక్ స్థిరాంకంలో (పదార్థం తరంగాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే సంఖ్యలో) తేడా ఉండాలి. పొడి ఇసుకకు అది సుమారు 3 నుంచి 4, ప్లాస్టిక్‌కూ దాదాపు అంతే. రాడార్‌ను లోతుకు పోనిచ్చే పొడితనమే ఇక్కడ ప్లాస్టిక్‌ను దాచేస్తుంది. కొంచెం చెమ్మ ఉంటే మేలు! అందుకే అమెరికా సైన్యం ఏఎన్/పీఎస్ఎస్-14 పరికరంలో ఒకే కర్రకు మెటల్ డిటెక్టర్‌నూ రాడార్‌నూ బిగించింది. లోహపు తునక మోగిన చోట దాని చుట్టూ మందుపాతరంత వస్తువు ఉందో, ఉత్త తుప్పు మేకేనో రాడార్ చెబుతుంది. రెండూ మౌనంగా ఉన్నా, పొడి ఇసుకలో ఆ నేల సురక్షితమని నేను సంతకం చేయను.